శిక్షణా, సలహాదారా, తోటి వ్యాపారులా? చిన్న వ్యాపారులు, ఎగుమతిదారులు తమకు తగిన సాయాన్ని ఎంచుకునే తీరు

ఆహ్వానపత్రం వారం రోజులుగా బల్ల మీదే ఉంటుంది. మూడు రోజుల వర్క్‌షాపు, రుసుము లేదు, చివరి రోజు ధ్రువపత్రం ఇస్తారు. చిన్న వ్యాపారం నడిపేవాళ్లలో చాలామంది దాన్ని ఆఖరి నిమిషం దాకా పక్కన పెట్టి, ఆ రోజు పని తక్కువగా ఉంటే వెళ్తారు, లేకపోతే మానేస్తారు. ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని ఆ రోజు పని ఒత్తిడికి వదిలేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ మూడు రోజులు నిజానికి ఉచితం కావు. యజమానే లెక్కలు రాసి, సరుకు తనిఖీ చేసి, వసూళ్లకు ఫోన్లు చేసే చోట మూడు రోజులు మనిషి లేకపోతే ఏదో ఒక ఆర్డరు ఆగుతుంది, ఏదో ఒక బాకీ వెనక్కి జరుగుతుంది. సరైన శిక్షణ కోసమైతే ఆ నష్టం భరించవచ్చు. పనికిరాని శిక్షణకు వెళ్లి వస్తే మాత్రం "ఇవన్నీ చూసేశాం" అనే విసుగు మిగిలి, తర్వాత నిజంగా అవసరమైన సాయం ఎదురుగా వచ్చినా చెయ్యి చాచబుద్ధి కాదు.

సాధారణంగా మనం ఆహ్వానం మీద ఉన్న అంశాన్ని చూసి ఎంచుకుంటాం. మార్కెటింగ్, ఖాతాలు, ఎగుమతి పత్రాలు, ఆన్‌లైన్ అమ్మకాలు, వీటిలో మనకు కొరత అనిపించినది ఏదైతే అందులో చేరిపోతాం. నేను చెప్పదలచుకున్నది వేరే పద్ధతి. అంశం తర్వాత చూడండి. ముందు మీ పని ఎక్కడ ముడిపడిందో చూడండి. నా అనుభవంలో ముడులు నాలుగు రకాలు: విషయం తెలియకపోవడం, తెలిసినా చేయకపోవడం, చేయడానికి మనిషి లేకపోవడం, అన్నీ ఉన్నా కొనేవాళ్లు దొరకకపోవడం. తరగతి గది వీటిలో మొదటిదాన్ని మాత్రమే బాగా విప్పుతుంది. మిగతా మూడింటికి వేరే దారులున్నాయి.

వసూళ్ల సంగతే తీసుకోండి. బాకీలు పేరుకుపోయాయని ముగ్గురు వ్యాపారులు అంటారు. మొదటివారికి ఎవరు ఎంత ఇవ్వాలో, గడువు ఎప్పుడు దాటిందో ఒక్కచోట రాసుకునే పద్ధతి తెలియదు. రెండోవారి దగ్గర పట్టిక చక్కగా ఉంది, కానీ పాత ఖాతాదారుణ్ణి గట్టిగా అడగడానికి మొహమాటం. మూడోవారికి పట్టికా ఉంది, మొహమాటమూ లేదు, రోజుకు పది ఫోన్లు చేసే తీరిక లేదు. మొదటివారికి ఒక పూట తరగతి చాలు. రెండోవారికి ధైర్యంగా బేరమాడటం అలవాటు చేసే శిక్షణ కావాలి, లేదా వెనక నిలబడి చెప్పే అనుభవజ్ఞులు కావాలి. మూడోవారికి రోజుకు రెండు గంటలు పనిచేసే గుమాస్తా కావాలి. ముగ్గురినీ ఒకే వర్క్‌షాపులో కూర్చోబెడితే ఇద్దరికి సమయం వృథా.

తరగతి గదిలో నేర్పే వ్యాపార నిర్వహణ

ఖాతాలు, ధర కట్టడం, సరుకు నిల్వ, అమ్మకాల ప్రణాళిక నేర్పే కోర్సులు ప్రపంచమంతటా ఉన్నాయి. వీటిలో బాగా విస్తరించినది అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన "స్టార్ట్ అండ్ ఇంప్రూవ్ యువర్ బిజినెస్" కార్యక్రమం. వ్యాపార ఆలోచన కోసం వెతుకుతున్నవారికి, మొదలుపెట్టబోతున్నవారికి, నడుపుతున్నవారికి, పెంచాలనుకునేవారికి అందులో నాలుగు వేర్వేరు భాగాలున్నాయి. ఈ విభజన నాకు నచ్చుతుంది. ఐదేళ్లుగా వ్యాపారం చేస్తున్న మనిషిని, ఇంకా ఆలోచన దశలో ఉన్న మనిషిని పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పే వర్క్‌షాపులు ఇద్దరికీ అన్యాయం చేస్తాయి.

ఇలాంటి శిక్షణల వల్ల లాభం ఉంటుందా? ఉంటుంది, కానీ మనం ఊహించుకున్నంత కాదు. ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ అనేక దేశాల ప్రయోగాలను కలిపి చూసి 2021లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, శిక్షణ పొందిన చిన్న వ్యాపారాల అమ్మకాలు సగటున 5 శాతం, లాభాలు 10 శాతం దాకా పెరిగాయి. జాతకం మార్చే అంకెలు కావివి. అయినా కొట్టిపారేయదగినవీ కావు. పది శాతం లాభం ఏడాదంతా వస్తే మూడు రోజుల నష్టం పూడిపోతుంది.

అయితే ఏ తరహా పాఠం అన్నది చాలా ముఖ్యం. డొమినికన్ రిపబ్లిక్‌లో సూక్ష్మరుణ సంస్థ ఖాతాదారులైన చిరువ్యాపారుల మీద జరిగిన ప్రయోగం 2014లో వెలువడింది. కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ నేర్పారు. మరికొందరికి రెండు మూడు మోటు సూత్రాలు మాత్రమే చెప్పారు. ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు కలపకుండా వేర్వేరుగా ఉంచడం అలాంటి సూత్రమే. అకౌంటింగ్ నేర్చుకున్నవారి తీరులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సూత్రాలు విన్నవారి లెక్కలు మెరుగుపడ్డాయి. కాబట్టి తరగతి ఎంచుకునేటప్పుడు సిలబస్ ఎంత పొడుగ్గా ఉందో చూసి మురిసిపోకండి. "మర్నాడు ఉదయం వ్యాపారం తెరవగానే నేను చేయగలిగింది ఏముంది?" అని నిర్వాహకులను అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగిన వారి తరగతికి వెళ్లండి. ఇంకో గుర్తు: మంచి తరగతికి వచ్చేటప్పుడు మీ సొంత బిల్లులు, మీ సొంత లెక్కల పుస్తకం తెమ్మంటారు. ఊహాజనిత కంపెనీ లెక్కలు మూడు రోజులు చేయించే చోట నేర్చుకున్నది ఆ కంపెనీతోనే పోతుంది.

చొరవ నేర్పే శిక్షణ

ఇది తెలుగువారికి కొత్త కథ కాదు. 1964లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులను ఎంచుకుని, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో కొద్ది రోజులు శిక్షణ ఇప్పించారు. అందులో ప్రధాన పాఠం ఖాతాలు కాదు. సొంతంగా లక్ష్యం పెట్టుకోవడం, లెక్క వేసుకుని సాహసం చేయడం, ఫలితానికి తామే బాధ్యత తీసుకోవడం నేర్పారు. తర్వాత చూస్తే, శిక్షణ లేని వారితో పోలిస్తే ఆ వ్యాపారులు కొత్త పెట్టుబడులు, కొత్త ప్రయత్నాలు ఎక్కువగా చేశారు. ఆ తరహా ఆలోచన మీదే ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగమైన అంక్టాడ్ నడిపే "ఎంప్రెటెక్" కార్యక్రమం నిలబడింది. 1988లో అర్జెంటీనాలో మొదలైన ఈ ఆరు రోజుల వర్క్‌షాపులో అవకాశాలు వెతకడం, పట్టుదల, మాట నిలబెట్టుకోవడం వంటి పది లక్షణాలను అభ్యాసాల ద్వారా అలవాటు చేస్తారు.

ఈ రెండు దారులను ఎదురెదురుగా పెట్టి చూసిన ప్రయోగం టోగో రాజధాని లోమేలో జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. 1,500 మంది చిరువ్యాపారులను మూడు సమూహాలు చేశారు. ఒక సమూహానికి మామూలు నిర్వహణ శిక్షణ, ఇంకొకదానికి చొరవ నేర్పే శిక్షణ ఇచ్చారు, మూడోదాన్ని పోలిక కోసం అలాగే ఉంచారు. చొరవ శిక్షణ పొందినవారి లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ పొందినవారిలో కనిపించిన 11 శాతం పెరుగుదల శిక్షణ వల్లే అని నమ్మకంగా చెప్పగలిగే స్థాయిలో లేదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. తరగతుల తర్వాత కొన్ని నెలల పాటు శిక్షకులు వ్యాపార స్థలానికే వచ్చి, నేర్చుకున్నది అమలవుతోందో లేదో చూశారు.

ఇదంతా చదివి అందరూ చొరవ శిక్షణకే పరుగెత్తనక్కర్లేదు. పక్కవాళ్లు అమ్మేదే అమ్ముతూ, వాళ్లు పెట్టిన ధరే పెడుతూ, ఏడాదికేడాది అక్కడే తిరుగుతున్న వ్యాపారికి ఇది మందు. నా నాలుగు ముడుల లెక్కలో రెండోది ఇదే. ఆర్డరు చేతిలో ఉండి, ఒక ధ్రువపత్రం లేక సరుకు ఆగిపోయిన ఎగుమతిదారుకు మాత్రం ఆరు రోజుల ఆత్మవిశ్వాస శిక్షణ ఆ వారంలో ఎందుకూ పనికిరాదు. ఒకటి మాత్రం కచ్చితంగా చూసుకోండి. చొరవ శిక్షణ పేరుతో వేదిక మీద ఆవేశంగా ఉపన్యాసం ఇచ్చి, చప్పట్లు కొట్టించి పంపేవి చాలా ఉన్నాయి. అభ్యాసాలు ఉండవు, తర్వాత పలకరింపూ ఉండదు. అది సాయంత్రానికి దిగిపోయే ఉత్సాహం.

మెంటార్, కన్సల్టెంటు, లేదా పని చేసిపెట్టే మనిషి

నైరోబీలోని దండోరా ప్రాంతంలో వ్యాపారం చేసే మహిళల మీద జరిగిన అధ్యయనం (2018) నాకు చాలా ఇష్టం. కొందరికి తరగతులు పెట్టారు. ఇంకొందరికి అదే ప్రాంతంలో అనుభవం పండిన మహిళా వ్యాపారులను మెంటార్లుగా జతచేశారు. తరగతుల వల్ల లాభాలు పెరగలేదు. మెంటార్లు దొరికినవారి లాభాలు సగటున 20 శాతం పెరిగాయి. కారణం పెద్ద సిద్ధాంతమేమీ కాదు. సరుకు ఎక్కడ చవకగా దొరుకుతుందో ఆ మెంటార్లకు తెలుసు. పుస్తకంలో ఉండని, ఆ వీధికి మాత్రమే పనికొచ్చే సమాచారం అది. జంటలు కలుసుకోవడం తగ్గిపోయాక ఆ లాభమూ కరిగిపోయింది. కాబట్టి మెంటార్‌ను ఎంచుకునేటప్పుడు పేరు ప్రతిష్ఠలు చూడకండి. మీ సరుకు, మీ మార్కెట్టు తెలిసిన మనిషేనా, నెలకు రెండుసార్లయినా కూర్చుని మాట్లాడతారా అని చూడండి. మరో రంగంలో కోట్లు గడించినవారి కంటే మీ రంగంలో పదేళ్లు దెబ్బలు తిన్నవారి మాట విలువైనది.

కన్సల్టెంటు ఇంకో తరహా. డబ్బు తీసుకుని మీ దగ్గరికి వచ్చి, లోపాలు వెతికి, మార్పులు చేయిస్తారు. ఫలితం ఉంటుంది, ఖర్చూ గట్టిగానే ఉంటుంది. మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రంలో ఏడాది పాటు వారానికి నాలుగు గంటల చొప్పున సలహా పొందిన చిన్న సంస్థల ఉత్పాదకత పెరిగింది, తర్వాతి ఏళ్లలో అవి ఎక్కువమందికి పని ఇచ్చాయి. ఏడాది పాటు వారం వారం అన్నది గుర్తుంచుకోండి. రెండు రోజులు వచ్చి అందమైన నివేదిక ఇచ్చి వెళ్లే కన్సల్టెన్సీకి ఈ ఫలితం అన్వయించదు.

నైజీరియాలో శిక్షణను, కన్సల్టెన్సీని, పనిని బయటి నిపుణులకు అప్పగించడాన్ని, తగిన ఉద్యోగిని వెతికి పెట్టుకోవడాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఖాతాలు, మార్కెటింగ్ పనిని బయటివారికి అప్పగించినవారు, లేదా ఆ పని తెలిసినవారిని చేర్చుకున్నవారు తరగతులకు వెళ్లినవారి కంటే మెరుగ్గా నిలిచారు. కన్సల్టెన్సీతో సమానమైన ఫలితం దాదాపు సగం ఖర్చుతో వచ్చింది. యజమాని అన్నీ నేర్చుకోవాలన్న పట్టుదల మనలో చాలా లోతుగా ఉంది. గౌరవించదగిన గుణమే. కానీ లెక్కలంటే ఒళ్లు మండే మనిషి మూడోసారి అకౌంటింగ్ వర్క్‌షాపులో చేరే బదులు, నెలకు రెండు రోజులు వచ్చే అకౌంటెంటును పెట్టుకుంటే ఆ నెల నుంచే పని నడుస్తుంది. బయటివారు ఇచ్చిన లెక్కను చదివి ప్రశ్నించగలిగేంత తెలివిడి యజమానికి ఉంటే చాలు.

తోటి వ్యాపారుల బృందం

ఖర్చు తక్కువ, విలువ ఎక్కువ ఉన్న దారి ఇదే అని నా నమ్మకం. అయినా ఎవరూ దీన్ని శిక్షణగా లెక్కించరు. చైనాలోని నాన్‌చాంగ్ నగరంలో 2,820 సంస్థలతో జరిగిన ప్రయోగం (2018) ఉంది. కొన్ని సంస్థల యజమానులను పదేసి మంది చొప్పున బృందాలు చేసి, ఏడాది పాటు నెలకొకసారి కలుసుకునేలా చేశారు. పాఠాలు చెప్పలేదు, ఒకరి వ్యాపారం ఒకరు చూసి మాట్లాడుకున్నారు. వారి అమ్మకాలు దాదాపు 8 శాతం పెరిగాయి. బృందంలో తమకంటే పెద్ద వ్యాపారులు ఉన్నవారికి ఎక్కువ మేలు జరిగింది. అదే బృందంలో నేరుగా పోటీ పడేవారు ఉంటే సమాచారం అంతగా బయటికి రాలేదు. ఇది మనిషి స్వభావమే. అందుకే ఒకే సరుకు అమ్మే ఆరుగురు కూర్చునే సంఘం కంటే, వేర్వేరు సరుకులు ఒకే తరహా ఖాతాదారులకు అమ్మేవారి బృందంలో చేరండి.

ఎగుమతిదారుకు లెక్క వేరు

ఎగుమతి శిక్షణల్లో మొదటి మెట్టు పరిచయ సదస్సు. ఒక పూటలో లైసెన్సులు, పత్రాలు, చెల్లింపు పద్ధతులు, రవాణా అన్నీ పైపైన చెబుతారు. దీనికోసం ప్రయాణం చేసి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం. 1964లో ఏర్పడి జెనీవా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం, ఐటీసీ, చిన్న సంస్థల కోసం ఆన్‌లైన్ అకాడమీ నడుపుతోంది. పరిచయ స్థాయి కోర్సులు ఉచితంగా, ఇంటి దగ్గరే, తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు. ప్రయాణానికి పెట్టే సమయాన్ని తర్వాతి మెట్టుకు దాచుకోండి.

ఆ తర్వాతి మెట్టు పత్రాల అభ్యాసం. చేతికి కాగితాలు ఇచ్చి తప్పులు వెతకమనే వర్క్‌షాపు దొరికితే వదలకండి. అలాంటి ఒక పూట ఎలా ఉంటుందో చెబుతాను. బల్ల మీద ఒక లెటర్ ఆఫ్ క్రెడిట్ (సరైన పత్రాలు ఇస్తే డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ) ప్రతి, పక్కన ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు రవాణా సంస్థ ఇచ్చే పత్రం), బీమా పత్రం ఉంటాయి. అన్నీ చూడటానికి సక్రమంగానే ఉన్నాయి. పది నిమిషాల తర్వాత ఒకరు అంటారు: లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో "చేతితో నేసిన కాటన్ టేబుల్ క్లాత్‌లు" అని ఉంది, ఇన్‌వాయిస్‌లో "హ్యాండ్‌లూమ్ టేబుల్ కవర్లు" అని ఉంది. మనకు రెండూ ఒకటే. బ్యాంకుకు కాదు, ఇన్‌వాయిస్‌లోని సరుకు వివరణ క్రెడిట్‌లోని వివరణతో సరిపోలాలి. ఇంకొకరు తేదీలు చూస్తారు. సరుకు ఓడ ఎక్కాల్సిన ఆఖరి తేదీ 15, బిల్ ఆఫ్ లేడింగ్ మీద ఉన్నది 17. మూడో తప్పు పట్టుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది: బీమా పత్రం తేదీ సరుకు ఎక్కిన రోజు తర్వాతిది. ఏ ఒక్కటి చాలు, బ్యాంకు చెల్లింపు నిలిపివేయడానికి. లెటర్ ఆఫ్ క్రెడిట్‌ల కోసం 2007 నుంచి అమలులో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాల ప్రకారం, పత్రాలు అందాక పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలు ఉంటాయి. మూల రవాణా పత్రాలతో కూడిన కాగితాలను సరుకు రవాణా అయిన 21 రోజుల్లోపు, క్రెడిట్ గడువు దాటకుండా ఎగుమతిదారు సమర్పించాలి. ఈ నియమాన్ని ఉపన్యాసంలో వింటే మరిచిపోతాం. తప్పును సొంత వేలితో చూపించినవారు మరిచిపోరు.

మూడో మెట్టు ధర కట్టడం. నా దృష్టిలో చిన్న ఎగుమతిదారుకు అన్నిటికంటే అవసరమైన శిక్షణ ఇది, తక్కువగా దొరికేదీ ఇదే. స్వదేశంలో అమ్మే ధరకు కొంత కలిపి విదేశీ ధర చెప్పేయడం అలవాటు. వందకు పదిహేను లాభం అనుకున్న చోట, ఏజెంటు కమిషన్‌కు ఐదు, బ్యాంకు ఖర్చులకు, ఆలస్యమైన వసూలుకు నాలుగు, నమూనాలు కొరియర్‌లో పంపినందుకు రెండు పోతే మిగిలేది నాలుగు. మారకపు రేటు కాస్త అటూ ఇటూ అయితే అదీ ఉండదు. ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరి ధర నుంచి మొదలుపెట్టి ప్యాకింగ్, లోకల్ రవాణా, ఓడరేవు ఖర్చులు, ఓడ కిరాయి, బీమా అంటూ మెట్టు మెట్టుగా మీ సరుకుకే ధర పట్టిక చేయించే శిక్షణ అయితే రుసుము ఎక్కువైనా వెళ్లండి.

ఇక నాలుగో ముడి, కొనేవాళ్లు. దీనికోసం వాణిజ్య ప్రదర్శనలు, కొనుగోలుదారులతో ముఖాముఖి సమావేశాలు, విదేశీ వాణిజ్య పర్యటనలు ఉంటాయి. స్టాలు అద్దెకు రాయితీ ఇస్తారని తెలియగానే చాలామంది ముందు దీనికే సిద్ధమవుతారు. నేను కాస్త ఆగమంటాను. స్టాలు దగ్గరికి వచ్చిన కొనుగోలుదారు అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి: ఏ షరతు మీద ఎంత ధర, కనీస ఆర్డరు ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఏ ధ్రువపత్రాలున్నాయి. ఈ నాలుగింటికి కాగితం చూడకుండా జవాబు చెప్పగలిగే దాకా ప్రదర్శనకు పెట్టే ఖర్చు దండగ. రాయితీ కంటే విలువైనది ప్రదర్శనకు ముందు సిద్ధం చేసి, తర్వాత వారంలోపే వచ్చిన ప్రతి విచారణకూ జవాబు పంపేలా వెంటపడే కార్యక్రమం.

నేరుగా ఎగుమతి చేయడం ఒక్కటే దారి అనుకోవద్దు. ఈజిప్టులోని ఫోవా పట్టణంలో చిన్న తివాచీ నేత కేంద్రాలకు ఒక మధ్యవర్తి సంస్థ ద్వారా విదేశీ ఆర్డర్లు ఇప్పించిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. వారికి తరగతులు పెట్టలేదు, ఆర్డర్లు ఇచ్చారు. ఏం బాగుందో ఏం బాగాలేదో కొనుగోలుదారుల మాట మధ్యవర్తి ద్వారా వారికి చేరింది. లాభాలు 16 నుంచి 26 శాతం పెరిగాయి. తర్వాత అందరినీ ఒకేచోట, ఒకే నూలుతో, ఒకే మగ్గం మీద ఒకే రకం తివాచీ నేయమన్నారు. విదేశీ ఆర్డర్లు చేసినవారి తివాచీలు నాణ్యంగా వచ్చాయి, అదనపు సమయమూ పట్టలేదు. మొదటి ఎగుమతి మధ్యవర్తి ద్వారా చేస్తే లాభంలో వాటా పోతుంది కదా అని బాధపడేవారికి నేను చెప్పేది ఇదే: ఆ వాటాను చదువు ఖర్చు అనుకోండి. కాకపోతే తిరస్కరించిన సరుకుకు కారణం రాసి పంపుతానని ఒప్పుకునే మధ్యవర్తినే ఎంచుకోండి. సరుకు తీసుకుని ఏమీ చెప్పనివారి దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు.

సరుకు రవాణా ఏర్పాట్లు చేసిపెట్టే ఫార్వర్డర్లు, బ్యాంకులు కూడా ఉచితంగా అవగాహన సమావేశాలు పెడతాయి. తమ భాగం వరకు వారికి బాగా తెలుసు. వెళ్లండి, కానీ ఏ రవాణా పద్ధతి, ఏ చెల్లింపు పద్ధతి మంచిదన్న సలహాలో వారి వ్యాపార ప్రయోజనం కలిసి ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

శిక్షకులను పరీక్షించడం

ఎగుమతి శిక్షణ రుసుము కట్టేముందు కొన్ని ప్రశ్నలు ఫోనులో అడగండి. "ఇన్‌కోటెర్మ్స్‌లో సరుకు మీద యాజమాన్య హక్కు ఎప్పుడు మారుతుంది?" అని అడగండి. అమ్మకం ఒప్పందాల్లో వాడే ఆ అంతర్జాతీయ నియమాలు ఖర్చులు, బాధ్యత, నష్టభయం ఎక్కడ చేతులు మారతాయో మాత్రమే చెబుతాయి, యాజమాన్యం గురించి చెప్పవు. ఎఫ్‌ఓబీలో (సరుకు ఓడ ఎక్కే దాకా అమ్మకందారుదే బాధ్యత అనే షరతులో) ఓడ ఎక్కగానే హక్కు మారిపోతుందని ధీమాగా చెప్పినవారి దగ్గర చేరకండి. "కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ వాడవచ్చా?" అన్నది రెండో ప్రశ్న. కంటైనర్‌ను మనం రవాణాదారుకు యార్డులోనే అప్పగిస్తాం కాబట్టి ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించే దాకా అమ్మకందారు బాధ్యత అనే షరతు) తగినదని, అయినా మార్కెట్లో అలవాటుగా ఎఫ్‌ఓబీ రాస్తున్నారని వివరించగలిగితే పని చేసిన మనిషి అని అర్థం.

పాఠ్యపుస్తకం ఎంత పాతదో కూడా తేలిగ్గా తెలుస్తుంది. 2020 ఇన్‌కోటెర్మ్స్‌లో డీఏటీ (టెర్మినల్‌లో దింపి అప్పగించడం) అనే షరతు పోయి డీపీయూ (చెప్పిన చోట దింపి అప్పగించడం) వచ్చింది. ఇంకా డీఏటీ ఉంటే ఆ నోట్సు మారి ఏళ్లయిందన్నమాట. సరుకులను వర్గీకరించడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించే హెచ్‌ఎస్ కోడ్లలో మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి, ఇప్పటి కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. మీ సరుకు కోడును పాత కూర్పు నుంచి చెప్పే శిక్షకులు మీ చేత తప్పు సుంకం లెక్క వేయిస్తారు.

కొనుగోలుదారులను గ్యారంటీగా ఇస్తామనేవారికి, "ఎక్స్‌క్లూజివ్" బయ్యర్ల జాబితా అమ్మేవారికి దూరంగా ఉండండి. ఉచిత సదస్సు చివరి గంటలో "ఈ రోజే చేరితే సగం ధర" అని ఖరీదైన కోర్సు ముందు పెడితే, ఇంటికి వెళ్లి రెండు రాత్రులు నిద్రపోయాక నిర్ణయం చెబుతానని లేచి రండి. మంచి కోర్సు ఎల్లుండి కూడా మంచి కోర్సుగానే ఉంటుంది. ఏ శిక్షణ గురించైనా గతేడాది హాజరైన ఇద్దరితో మాట్లాడించమని అడగడం మీ హక్కు. వారిని "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "వెళ్లి వచ్చాక మీ దగ్గర ఏం మారింది?" అని అడగండి.

ఎవరిని పంపాలి

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఎన్నో శిక్షణలు ఇక్కడే చెడిపోతాయి. ధర, మార్కెట్టు, చొరవ గురించిన శిక్షణకు యజమానే వెళ్లాలి. అక్కడ నేర్చుకున్నదాన్ని నిర్ణయంగా మార్చే అధికారం వేరొకరికి లేదు. పత్రాల శిక్షణకు మాత్రం రోజూ ఇన్‌వాయిస్ టైపు చేసే మనిషిని పంపండి. యజమాని వెళ్లి వచ్చి "సరుకు పేరు సరిగ్గా రాయి" అని చెబితే ఆ ఉద్యోగికి అది ఇంకో చీవాటుగా వినిపిస్తుంది. తనే కూర్చుని, ఆ మూడు తప్పులూ తనే పట్టుకుని వచ్చిన ఉద్యోగి, మర్నాడు మీ పాత లెటర్ ఆఫ్ క్రెడిట్‌లన్నీ తీసి మళ్లీ చదువుతారు. ఉద్యోగి మానేస్తే నేర్పింది పోతుందన్న భయం ఉంటే, వచ్చిన వారంలోనే తను నేర్చుకున్నదాన్ని ఒక పేజీ చెక్‌లిస్టుగా రాయించి, టైపు చేసే కంప్యూటర్ పక్కనే గోడకు అంటించండి.